తలుపు మూసిన తోటకు కావలి ఎవరు?

ఏప్రిల్ నెల. రాయపూర్ నగరం వెలుపల, వరి కోసిన పొలాలు బీడుపడి ఉన్న మైదానం నడుమ, తెల్లని గుడారం వంటి పాలీహౌస్ ఎండకు మెరుస్తూ ఉంటుంది. తలుపు తెరచి లోపల అడుగుపెడితే మరో లోకంలోకి వచ్చినట్లనిపిస్తుంది. బయట కనుచూపు మేరలో పచ్చని ఆకు లేదు. లోపల దోసతీగలు దారాలను పట్టుకుని మనిషి ఎత్తును మించి ప్రాకుతున్నాయి. ప్రతి మొక్క మొదట్లోనూ సన్నని గొట్టం నీటిని చుక్క చుక్కగా అందిస్తున్నది. ప్రకృతి తెచ్చిపెట్టే ఒడుదొడుకులన్నింటినీ మనిషి గుమ్మం బయటనే నిలిపివేశాడా అని ఆశ్చర్యం కలుగుతుంది.

అయితే, ఒక ఆకును తిప్పి చూడండి. అడుగు భాగాన బియ్యపు పిండి చల్లినట్లు తెల్లని నలుసులు. కొద్దిగా కదిలిస్తే అవి రేగి గాలిలో తేలుతాయి. అది తెల్లదోమ. ప్రక్క మొక్క ఆకులపై సూదితో పొడిచినట్లు పాలిపోయిన చుక్కలు, వాటి నడుమ కంటికి ఆనీ ఆనని సాలెగూడు పోగులు. అది ఎర్రనల్లి పని. యజమాని బ్యాంకు అప్పు తెచ్చి, ప్రభుత్వ రాయితీ పోగా మిగిలిన పెట్టుబడి అంతా ఈ కప్పు క్రిందనే పెట్టాడు. కాయలు రేపు ఉదయం బజారుకు పోవాలి. ఈ సాయంత్రం అతడు మందు కొట్టాలా, మానాలా?

సమస్య అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నది. ఈనాడు రాయపూర్ పరిసరాలలోనే గాక, ప్రపంచంలో కప్పు క్రింద పంట పండించే ప్రతి చోటా ఇదే ప్రశ్న ఎదురవుతున్నది. దీనికి సమాధానం తొంభై ఏళ్ళకు పూర్వమే ఒకసారి దొరికి, మరుగునపడి, మళ్ళీ దొరికిన కథ ఎంతో ఆసక్తికరమైనది.

శత్రువుకు స్వర్గం

ఆరుబయట పొలంలో పురుగు బ్రతుకు అంత సుఖమైనది కాదు. వాన దానిని ఆకు మీది నుండి కడిగివేస్తుంది. గాలి ఎగురగొడుతుంది. అక్షింతల పురుగులు, సాలీళ్ళు, తూనీగలు, పక్షులు దానిని వేటాడుతాయి. గుడ్డులోనే దానిని తినివేసే కందిరీగ జాతి చిన్న కీటకాలు ఉన్నాయి. బూజు తెగుళ్ళు మనకు వలెనే పురుగులకూ వస్తాయి. ఇన్ని గండాలు గడచి బ్రతికి బట్టకట్టేవి నూటికి ఏ ఒకటో రెండో.

పాలీహౌస్ ఈ గండాలన్నింటినీ ఒక్కసారిగా తొలగిస్తుంది. లోపల వాన లేదు, ఈదురుగాలి లేదు. వెచ్చదనం, లేత ఆకు, నీరు ఏడాది పొడవునా సిద్ధంగా ఉంటాయి. మనిషి బట్టలనంటి, నారుమొక్కల వెంట, తలుపు సందున ఎలాగో లోపల చేరిన తెల్లదోమకు శత్రువన్నదే కనిపించదు. దొంగలను ఆపడానికి కట్టిన గోడ కాపలావాళ్ళను బయటనే ఉంచి, దొంగను మాత్రం లోపల పెట్టి తలుపు వేసుకున్నది!

ఆ తరువాతిది కేవలం లెక్క. ఎర్రనల్లి ఆడది తన జీవితకాలంలో వంద వరకు గుడ్లు పెట్టగలదు. ముప్పై డిగ్రీల వేడిమిలో గుడ్డు పెరిగి పెద్ద పురుగు కావడానికి వారం, పది రోజులు చాలును. వందలో సగం ఆడవనుకుని, అన్నీ బ్రతికితే, ఒక్క నల్లి సంతానం మూడు తరాలలో లక్షా ఇరవై ఐదు వేల ఆడనల్లులకు చేరుతుంది. అందుకు ఒక నెల పడుతుంది, అంతే. సోమవారం నాడు ఒక మూలన నాలుగు ఆకుల మీద కనిపించిన మచ్చలు మరుసటి వారానికి వరుస వరుసనే ఆక్రమించడం చూచి తెల్లబోయిన రైతుకు ఆ లెక్క తెలియకపోవచ్చు. దాని ఫలితం మాత్రం బాగా తెలుసు.

"మందు" అనే మాట

మన భాషలో విచిత్రమైన మాట ఒకటున్నది. పురుగులను చంపే విషాన్ని మనం "పురుగుమందు" అంటాము. మందు అనగానే మేలు చేసేదన్న భావం వెంటనే మనస్సుకు తడుతుంది. జ్వరానికి మందు వేసుకున్నట్లే పైరుకు మందు కొడతాము. తగ్గకపోతే మోతాదు పెంచుతాము.

మూసిన ఇంటిలో ఈ మందు మూడు విధాల ఎదురుతిరుగుతుంది. మొదటిది, కడిగే వాన లేదు. సూర్యకాంతిలో విషాన్ని విరగ్గొట్టే అతినీలలోహిత కిరణాలను చాలావరకు ప్లాస్టిక్ కప్పు అడ్డగిస్తుంది. కనుక బయటి పొలంలో కంటె ఇక్కడ మందు అవశేషం ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండవది, దోసను రోజు విడిచి రోజు కోయక తప్పదు. సీసా మీద వ్రాసిన విరామపు రోజులు గడిచేవరకు ఆగితే కాయ ముదిరిపోతుంది. ఆగకపోతే విషం వినియోగదారుని పళ్ళెంలోకి చేరుతుంది. దానికంటె ముందు, ఆ గాలి ఆడని వేడిలో నోటికి తుండుగుడ్డ చుట్టుకుని పిచికారీ చేసిన కూలీ ఊపిరిలోకి చేరుతుంది.

మూడవది అన్నింటికంటె తీవ్రమైనది. మందుకు చావని పురుగు ప్రతి గుంపులోనూ ఏ కొన్నో ఉంటాయి. మిగిలినవి చచ్చిపోగా ఈ కొన్నే తరువాతి తరానికి తల్లులవుతాయి. బయటి నుండి కొత్త రక్తం వచ్చి కలిసే అవకాశం లేని మూసిన ఇంటిలో ఈ ఎంపిక మరింత త్వరగా సాగుతుంది. ప్రపంచవ్యాప్తంగా తొంభైకి పైగా రసాయనాలకు లొంగకుండా నిలిచిన చరిత్ర ఎర్రనల్లికి ఉన్నది.

తెలుగువారికి ఈ పాఠం పుస్తకంలోనిది కాదు. 1980వ దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విరివిగా వాడారు. కాయతొలుచు పురుగు మొదట్లో రాలిపోయింది. దానితోపాటు మిత్రకీటకాలూ రాలిపోయాయి. అంతవరకు అంతగా లెక్కకు రాని తెల్లదోమ 1984 తరువాత వరుసగా కొన్నేళ్ళు పత్తి పొలాలను కమ్ముకున్నది. ఎన్ని మార్లు మందు కొట్టినా లొంగలేదు. 1987-88లో అప్పుల భారం మోయలేక రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు రాష్ట్రాన్ని కుదిపివేశాయి. శత్రువును చంపబోయి శత్రువు యొక్క శత్రువును చంపుకోవడం ఎంత ఖరీదైన తప్పో ఆ నేల మీద రుజువైనది.

టమాటా తోటలో నల్లచుక్క

ఇప్పుడు ఇంగ్లండుకు వెళ్ళి, దాదాపు వందేళ్ళు వెనుకకు నడుద్దాం. 1926లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతాన గాజు ఇంటిలో టమాటా పండించే తోటమాలి ఒకాయన ఆకుల అడుగున వింత గమనించాడు. తెల్లదోమ పిల్లపురుగులు సహజంగా పాలిపోయిన తెలుపు రంగులో ఉంటాయి. వాటి మధ్య కొన్ని నల్లబడి ఉన్నాయి. ఎన్నడూ లేని ఆ నల్లచుక్కలను కొట్టిపారవేయకుండా ఆయన సమీపంలోని చెషంట్ పరిశోధన కేంద్రానికి అందజేశాడు.

అక్కడి కీటకశాస్త్రజ్ఞుడు స్పేయర్ ఆ నల్లని పెంకుల నుండి వెలువడిన కందిరీగను గుర్తించాడు. దాని పేరు ఎన్కార్సియా ఫార్మోసా. పొడవు అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. మనిషిని కుట్టే శక్తి దానికి లేదు. తెల్లదోమ పిల్లను వెదకి, దాని శరీరంలో ఒక గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ గుడ్డు పొదిగి, తెల్లదోమను లోలోపలే తినివేసి, నల్లబడిన పెంకుకు రంధ్రం చేసుకుని కొత్త కందిరీగ బయటికి వస్తుంది. మన వ్యవసాయదారులు ఇటువంటి వాటిని "బదనికలు" అంటారు. చెట్టు మీద మొలచి చెట్టునే తినే బదనిక వంటిదన్నమాట.

చెషంట్ కేంద్రం ఈ బదనికలను పెంచి పంచడం ప్రారంభించింది. 1930 నాటికి ఏడాదికి పదిహేను లక్షల కందిరీగలు బ్రిటన్‌లోని సుమారు ఎనిమిది వందల తోటలకు చేరేవి. కెనడా, ఆస్ట్రేలియాలకు కూడా ఓడలలో పయనించాయి.

అంతలో యుద్ధం వచ్చింది. దాని వెనుకనే డి.డి.టి. వచ్చింది. ఒక్క పిచికారీతో తోట శుభ్రమైపోతుంటే కందిరీగల కోసం ఎదురుచూచే ఓపిక ఎవరికి ఉంటుంది? పెంపకం ఆగిపోయింది. సుమారు రెండు దశాబ్దాల పాటు రసాయనాలదే రాజ్యమైంది. ఆ తరువాత నల్లి చావడం మానింది, తెల్లదోమ చావడం మానింది. మనుషులకు జబ్బులు రావడం మాత్రం మానలేదు.

1958లో చిలీ దేశం నుండి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద ఎరుపు ఛాయగల చురుకైన నల్లి కనిపించింది. ఫైటోసియులస్ పర్సిమిలిస్ అనే ఈ నల్లి ఆకు రసం జోలికి పోదు. దాని ఆహారం ఎర్రనల్లి ఒక్కటే. హాలండులో దోస పండించే యాన్ కోపర్ట్ అనే రైతుకు రసాయనాలు శరీరానికి సరిపడేవి కావు. ఈ వేటనల్లి సంగతి విని తన తోటలో వదిలి చూచాడు. పంట నిలిచింది, ఆరోగ్యమూ నిలిచింది. ఇరుగుపొరుగు అడిగితే వారికీ పెంచి ఇచ్చాడు. ఆ విధంగా 1967లో మొదలైన కుటుంబ వృత్తి కాలక్రమాన ప్రపంచవ్యాప్తమైన పరిశ్రమ అయింది.

ఒక్కొక్కప్పుడు వివేకం అవమానం వెంట వస్తుంది. స్పెయిన్‌లోని అల్మేరియాలో సుమారు ముప్పై వేల హెక్టార్ల నేల ప్లాస్టిక్ కప్పుల క్రింద ఉన్నది. ఐరోపా దేశాల శీతకాలపు కూరగాయలకు అదే పెద్ద వనరు. 2006 చివర అక్కడి మిరప కాయలలో అనుమతి లేని విషం ఆనవాళ్ళను జర్మనీ పట్టుకున్నది. కొనేవారు వెనుదిరిగారు. దిక్కుతోచని రైతులు వేటనల్లులను, మిత్రనల్లులను ఆశ్రయించారు. రెండు మూడు పంటకాలాలలోనే అక్కడి మిరప తోటలలో అత్యధిక భాగం మిత్రకీటకాల రక్షణలోకి వచ్చింది. అంతకుముందు "మా దగ్గర ఇది సాగదు" అన్నవారు కూడా వారిలో ఉన్నారు.

రాయపూర్ ఎండ

మరి, ఇంగ్లండు కందిరీగను, చిలీ నల్లిని తెచ్చి రాయపూర్‌లో వదిలితే సరిపోతుందా? సరిపోదు. ఈ వృత్తాంతంలో ముఖ్యమైన మలుపు ఇదే.

రాయపూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. కప్పు క్రింద మరికొంత ఎక్కువ. చిలీ నల్లికి చల్లదనం, తేమ కావాలి. ముప్పై డిగ్రీలు దాటి గాలి పొడిబారితే అది నీరసిస్తుంది. ఎర్రనల్లి విజృంభించేది సరిగా ఆ పొడి వేడిలోనే. ఇక ఎన్కార్సియా ఫార్మోసాకు ఇష్టమైనది చల్లని దేశాల గాజు ఇళ్ళలోని తెల్లదోమ. మన ప్రాంతంలో ఎక్కువగా పీడించేది బెమీసియా అనే వేరొక జాతి. పైగా విదేశాల నుండి ఏ జీవిని తెప్పించాలన్నా ప్రభుత్వ అనుమతి, క్వారంటైన్ పరీక్షలు తప్పనిసరి. అది సమంజసమే. బొప్పాయిని నాశనం చేసిన పిండినల్లి 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించినప్పుడు, దాని బదనికలను 2010లో ప్యూర్టోరికో నుండి తెచ్చి, పరీక్షించి, వదిలి విజయం సాధించినది బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక పరిశోధన సంస్థ. ఏ రైతూ తనంత తాను చేయగల పని కాదది.

అందువల్ల వెదకవలసింది మన పెరటిలోనే. నియోసియులస్ లాంగిస్పైనోసస్ అనే వేటనల్లి ఆసియా ఖండపు సహజ వాసి. మన వేడికి అలవాటు పడినది. బ్లాప్టోస్టెథస్ అనే చిన్న వేటపురుగును ఎర్రనల్లి మీద పాలీహౌస్‌లలో మన శాస్త్రజ్ఞులు ప్రయోగించి చూచారు. అల్లిక రెక్కల పురుగు పిల్లలు, ఆరు మచ్చల అక్షింతల పురుగు పేనుబంకను మేస్తాయి. బెమీసియా మీద బ్రతికే బదనికలు మన పొలాల గట్ల మీద సహజంగానే ఉన్నాయి.

ఇటువంటి పరిశోధనకు రాయపూర్ అపరిచితమైన చోటు కాదు. 1987లో స్థాపితమైన ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం ఇక్కడ ఉన్నది. చీడల జీవనియంత్రణపై అఖిల భారత స్థాయిలో సాగే సమన్వయ పరిశోధన పథకంలో అది ఒక కేంద్రం. కేంద్ర ప్రభుత్వపు సమగ్ర సస్యరక్షణ కేంద్రం కూడా ఈ నగరంలో ఉన్నది. చిరకాలంగా వరి పురుగులను చదివిన ఊరు ఇది. కప్పు క్రింది పురుగులను చదవడం దానికి అసాధ్యం కాదు.

ఎండను మిత్రునిగా చేసుకోవడం

పద్ధతి ఏమిటి? అది ఒక సీసాలో దొరికేది కాదు. ఒకదాని వెంట ఒకటి నడిచే పనుల వరుస.

మొదటి పని తలుపు దగ్గర. ఒక తలుపు మూసిన తరువాతనే రెండవది తెరచుకునేలా జంట తలుపులు ఉండాలి. గాలి కిటికీలకు సన్నని కీటక నిరోధక వల కట్టాలి. వల మరీ సన్ననిదైతే గాలి ఆడక లోపల ఉడికిపోతుంది. అందువల్ల రాయపూర్ వంటి చోట వల సన్నదనాన్ని పెంచితే కిటికీల వైశాల్యాన్ని కూడా పెంచవలసి ఉంటుంది. నారు పురుగు లేనిదై ఉండాలి. చుట్టూ కలుపు ఉండరాదు. కలుపు మొక్క తెల్లదోమకు సత్రం వంటిది.

రెండవది, ఇంతవరకు శత్రువుగా చూచిన ఎండను మిత్రునిగా చేసుకోవడం. మే నెలలో పంట తీసివేసి, మొక్కల అవశేషాలను పూర్తిగా తొలగించి, నేలను బాగా తడిపి, పలుచని పారదర్శక ప్లాస్టిక్ పట్టాను నేల మీద పరచి, కిటికీలు మూసి నాలుగు నుండి ఆరు వారాలు ఉంచాలి. పైమట్టి వేడెక్కి, మట్టిలో దాగిన తామర పురుగుల కోశస్థ దశలు, వేళ్ళకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు చాలావరకు నశిస్తాయి. తిండి లేక తెల్లదోమ అంతరిస్తుంది. హాలండు రైతుకు లేని ఆయుధమిది. రాయపూర్ రైతుకు ఆకాశం ఉచితంగా ఇస్తున్నది.

మూడవది చూపు. పసుపు జిగురు అట్టలు తెల్లదోమను, నీలి అట్టలు తామర పురుగులను పట్టి యిస్తాయి. అవి పురుగులను చంపడానికంటె లెక్కించడానికే ఎక్కువగా ఉపయోగపడతాయి. వారానికి రెండు మార్లు, భూతద్దంతో ఆకు అడుగు చూచి, ఏ వరుసలో ఏది ఎంత ఉన్నదో పుస్తకంలో వ్రాసుకునే రైతు సగం గెలిచినట్లే.

నాలుగవది మిత్రులను పిలవడం. పురుగు కమ్మిన తరువాత వదిలితే లాభం లేదు. తొలి మచ్చ కనిపించిన నాడే వదలాలి. కొందరు పాలీహౌస్ చుట్టూ జొన్న, మొక్కజొన్న, అలసంద వేస్తారు. జొన్న మీద చేరే పేనుబంక కూరగాయలను ముట్టదు. దానిని తిని అక్షింతల పురుగులు బ్రతుకుతూ, అవసరమైనప్పుడు అందుబాటులో ఉంటాయి. కాపలావాళ్ళకు జీతం ముందుగా చెల్లించడం వంటిదిది.

అయిదవది బూజు మందులు. 1835లో ఇటలీలో అగస్టీనో బాస్సి పట్టుపురుగులను చంపే తెల్లబూజును కనుగొన్నాడు. ఆయన పేర వెలసిన బవేరియా బాసియానా బూజు ఈనాడు పొడి రూపంలో అంగళ్ళలో దొరుకుతుంది. పట్టుపురుగుకు మృత్యువైనది పైరుకు రక్షణ అయింది. అయితే ఆ బూజు మొలకెత్తడానికి తేమ కావాలి. దానిని సాయంత్రం వేళ, వానాకాలంలో వాడితే ఫలిస్తుంది; ఏప్రిల్ మధ్యాహ్నం కొడితే డబ్బు దండుగ. వేప మందుకు స్థానం దీని సరసనే. రసాయనం అన్నింటికంటె చివరిది; అదీ మిత్రులకు తక్కువ హాని చేసేది, సోకిన వరుసకు మాత్రమే. కొన్ని మందుల అవశేషం మిత్రకీటకాలను వారాల తరబడి చంపుతుందని మరువరాదు.

సహనానికి వెల

ఇందులో ఇబ్బందులు లేవనడం సత్యం కాదు. మిత్రకీటకాలు ప్రాణమున్న సరుకు. ఎండలో రెండు రోజుల ప్రయాణం వాటికి మరణశిక్ష. దగ్గరలో పెంచేవారు లేకుంటే రైతుకు చేరవు. మందుల దుకాణం మాత్రం ప్రతి కూడలిలోనూ ఉంటుంది. మిత్రులు పని మొదలుపెట్టేవరకు రెండు మూడు వారాలు పురుగును కళ్ళారా చూస్తూ ఊరుకోవాలి. వాయిదా కట్టవలసినవానికి ఆ రెండు వారాలు ఎంత దీర్ఘమైనవో వేరే చెప్పనక్కరలేదు. బజారులో విషం లేని దోసకూ, విషం తాగిన దోసకూ ఒకటే ధర పలికినంత కాలం రైతు ఒక్కడినే ధర్మం పాటించమనడం న్యాయం కాదు.

అయినప్పటికీ దీనికి మన నేల మీదనే ఒక ఊరట ఉన్నది. 2016లో పొల్లాచ్చిలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొద్ది కాలంలోనే ఆంధ్ర కోస్తా కొబ్బరి తోటలకు ప్రాకింది. కొబ్బరి చెట్టు ఎత్తుకు మందు కొట్టడం కష్టం. కొట్టినా మిత్రులే చస్తారు. ఆ తెల్లదోమ వెంటనే ఎన్కార్సియా గ్వాడెలూపే అనే బదనిక కూడా దేశంలో కనిపించింది. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఆ బదనికను కాపాడుకొనమని, అల్లిక రెక్కల పురుగును, ఇసారియా బూజును తోడు చేసుకొనమని, రసాయనాల జోలికి పోవద్దని రైతులకు బోధించింది. 1926 నాటి తోటమాలి చూచిన నల్లచుక్కకు దూరపు చుట్టం ఈనాడు కోనసీమ ఆకుల మీద ఉన్నది.

మళ్ళీ ఆ రాయపూర్ పాలీహౌస్ గుమ్మం దగ్గరకు వద్దాం. సాయంత్రమైంది. పిచికారీ డబ్బా మూలన సిద్ధంగా ఉన్నది. దానిని భుజానికి ఎత్తుకోవడానికి ఒక్క నిమిషం చాలును. కొన్ని వేళలలో ఎత్తుకోక తప్పదు కూడా. అయితే అంతకుముందు చేయవలసిన పని ఒకటున్నది. ఆకును తిప్పి, భూతద్దం పట్టుకుని, ఓపికగా చూడాలి. అక్కడ శత్రువు ఒక్కడే ఉన్నాడా, లేక అతని వెనుకనే ఎవరైనా నిశ్శబ్దంగా పని మొదలుపెట్టారా?

ఆ రెండవవాడు కనిపిస్తే, డబ్బాను మూలనే ఉంచి తలుపు వేసుకుని రావచ్చు. తోటకు కావలి ఉన్నది.